బొగ్గు చేసే రెండు పనులు



మీలో కొందరు ఈ పాఠాన్ని అండమాన్ దీవుల్లోనే చదువుతూ ఉండవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలో పదముగ్గురి మాతృభాష తెలుగు. అందుకే ఈ రోజు మన ప్రసంగాన్ని అక్కడి డాలీగంజ్ నుంచి మొదలుపెడదాం. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ప్రాంతం ఇది. డాలీగంజ్‌లోను, దక్షిణ అండమాన్‌లోనే ఉన్న అట్టంపహాడ్‌లోను కలిపి ఎన్.ఎల్.సి. ఇండియా సంస్థ 20 మెగావాట్ల సౌర విద్యుత్ పలకలను ఏర్పాటు చేసింది. 2020 నాటికి అవి పనిలోకి వచ్చాయి. వాటికి జతగా 8 మెగావాట్-గంటల బ్యాటరీ కూడా ఉంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పలకలు పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంటే ఆ బ్యాటరీ నిండడానికి ఎంతసేపు పడుతుంది? 8ని 20తో భాగించండి. 24 నిమిషాలు! మబ్బు అడ్డు వచ్చినప్పుడు సరఫరా ఒక్కసారిగా పడిపోకుండా పట్టి ఉంచడానికి అది చాలు. రాత్రంతా ఊరికి దీపాలు వెలిగించడం దాని వల్ల అయ్యే పని కాదు. దీవులకు, ప్రధాన భూభాగానికి మధ్య విద్యుత్ తీగలు లేవు. సూర్యుడు అస్తమించాక భారమంతా దాదాపు డీజిల్ జనరేటర్ల మీదే పడుతుంది. ఆ డీజిల్ ఓడల్లో రావాలి.

పగటి ఎండను పొడిగా మార్చి, గోనె సంచిలో పోసి, కావలసిన రోజున వాడుకోగలిగితే ఎలా ఉంటుంది? ఈ మాట వినగానే మీరు నవ్వవచ్చు. కానీ రసాయన శాస్త్రం దృష్టిలో లోహపు పొడి అలాంటి వస్తువే. లోహం ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్‌గా మారినప్పుడు శక్తి విడుదలవుతుంది. ఆ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను తీసేస్తే లోహం తిరిగి వస్తుంది. అందుకు శక్తిని మనం ఇవ్వాలి. ఆ శక్తిని ఎండ ఇస్తే, లోహం సౌర ఇంధనం అవుతుంది. ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను తీసివేయడాన్ని క్షయకరణం అంటారని, తీసివేసే పదార్థాన్ని క్షయకరణి అంటారని మీ పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నారు. మానవుడికి తెలిసిన క్షయకరణుల్లో అన్నిటికన్నా పాతది, చవకైనది బొగ్గు. కాబట్టి సౌర ఇంధనం కథ చెప్పాలంటే ముందు కొలిమి కథ చెప్పుకోవాలి.

కొలిమి అంటే తెలుగువాళ్ళకు గుర్తు రావలసిన ఊరు ఒకటుంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. అక్కడ తయారైన ఉక్కు కత్తులు చేయడానికి పారశీక దేశం దాకా వెళ్ళింది. భారత మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వోయిసీ అక్కడి పనిని స్వయంగా చూసి రాశాడు. ఆయన 1824లో మరణించాడు; ఆ వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్పహాన్ నుంచి వచ్చి అక్కడ ఉక్కు కొంటున్న వర్తకుడి ప్రస్తావన కూడా అందులో ఉంది. ఇప్పటికీ ఉత్తర తెలంగాణ ఊళ్ళ శివార్లలో ఇనుప చిట్టెం గుట్టలు కనిపిస్తాయి. 2010లో బెంగళూరుకు చెందిన జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊరూరా తిరిగి వాటిని నమోదు చేశారు. పాశ్చాత్యులు 'వూట్జ్' అని పిలిచినది మన ఉక్కునే.

ఆ పని రెండు అంచెలుగా సాగేది. మొదట మట్టితో కట్టిన కొలిమిలో ఇనుప ఖనిజాన్ని, కట్టెబొగ్గును పొరలు పొరలుగా వేసి, తోలు తిత్తులతో గాలి ఊదేవారు. ఇనుము కరగదు, మెత్తని ముద్దగా అడుగున చేరుతుంది. రెండో అంచెలో ఆ ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, మళ్ళీ కాల్చేవారు. మూసలో ఇనుము కొద్దిపాటి కార్బన్‌ను ఇముడ్చుకొని ఉక్కుగా కరిగేది. మనకు ఈ పాఠంలో కావలసింది మొదటి అంచె.

ఆ కొలిమిలో బొగ్గు ఏం చేస్తున్నది? పరీక్షలో ఈ ప్రశ్న అడిగితే సగం మంది 'ఇంధనంగా' అని, సగం మంది 'క్షయకరణిగా' అని రాస్తారు. క్షయకరణి అని రాసినవాళ్ళకే పూర్తి మార్కులు వేయడం నాకు చాలా ఏళ్ళు అలవాటుగా ఉండేది. అది నా పొరపాటే. రెండు జవాబులూ నిజమే, రెండూ సగం నిజమే. బొగ్గు మండి వేడి ఇస్తుంది. అది మొదటి పని. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. అది రెండో పని. ఈ రెండూ ఒకే కొలిమిలో, ఒకే బొగ్గుతో, ఒకే సమయంలో జరుగుతాయి కనుక వేల సంవత్సరాల పాటు ఎవరూ వాటిని వేరు చేసి చూడలేదు. చూడవలసిన అవసరమూ రాలేదు.

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. ఒక కిలో ఇనుము కోసం ఫెర్రిక్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను తీయడానికి కావలసిన కార్బన్ ఎంతో పరమాణు భారాలతో మీరే కట్టవచ్చు. అంతా కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతే సుమారు 160 గ్రాములు; అంతా కార్బన్ మోనాక్సైడ్‌గా పోతే సుమారు 320 గ్రాములు. కానీ పాతకాలపు కొలిముల్లో ఇనుము బరువుకు ఎన్నో రెట్ల బొగ్గు ఖర్చయ్యేది. మిగిలినదంతా వేడి కోసమే. అందులోనూ చాలా భాగం గోడల గుండా, పొగ గుండా వృథాగా పోయేది. అడవులను నరికించింది ప్రధానంగా ఆ మొదటి పనే. ఇంగ్లండులో కట్టెబొగ్గు ప్రియమైన రోజుల్లోనే, 1709లో, కోల్‌బ్రూక్‌డేల్‌లో ఏబ్రహాం డార్బీ రాక్షసిబొగ్గు నుంచి చేసిన కోకుతో ఇనుము తీశాడు. అడవికి బదులు గని వచ్చింది. బొగ్గు చేసే పనులు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అందమైన పేర్లు పెట్టుకున్న ఊదు కొలుములు కూడా ఆ దారిలోనివే.

మరి ఈ రెండు పనులను మొట్టమొదట విడదీసి చూసిన సందర్భం ఏది? నాకు తెలిసినంతలో అది 1772లో పారిస్‌లో జరిగింది. ఆంత్వాన్ లవోషియే అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండని యువకుడు. లిథార్జి అనే సీసపు ఆక్సైడ్‌ను బొగ్గుపొడితో కలిపి మూసిన పాత్రలో వేడి చేస్తే, ఆక్సైడ్ లోహంగా మారే క్షణంలో పెద్ద మొత్తంలో వాయువు వెలువడటం అతడు గమనించాడు. ఆ సంగతి రాసి, కవరుకు ముద్ర వేసి, నవంబర్ 1న విజ్ఞాన అకాడమీకి అప్పగించాడు. వేరెవరైనా ఇదే కనిపెట్టి తమదంటారేమోనని ఆ జాగ్రత్త! సీసపు ఆక్సైడ్ మీద చేసిన ఈ ప్రయోగాల్లో అతడు వేడి కోసం వాడిన సాధనాల్లో చిర్న్‌హాస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తయారుచేసిన పెద్ద కటకం ఒకటి. మీరు భూతద్దంతో కాగితం కాల్చి ఉంటారు, అదే సూత్రం. పాత్ర లోపల మంట లేదు. వేడిని సూర్యుడు ఇచ్చాడు. ఆక్సిజన్‌ను లాక్కునే పని మాత్రం బొగ్గుకు మిగిలింది. ఎండతో లోహ ఆక్సైడ్‌ను కార్బన్ చేత క్షయకరణం చేయించడమంటే ఇదే. లవోషియేకు ఇంధనం మీద ఆసక్తి లేదు. పొగ కలవని శుభ్రమైన వాయువు కావాలి, అంతే. మూసిన పాత్ర లోపలికి వేడిని పంపడానికి ఎండ వీలైన మార్గం.

మరో రెండేళ్ళకు, 1774 ఆగస్టు 1న, ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ పన్నెండు అంగుళాల కటకంతో ఎండను పాదరసపు ఆక్సైడ్ మీద కేంద్రీకరించాడు. అక్కడ బొగ్గు కూడా లేదు. ఎండ ఒక్కటే ఆక్సైడ్‌ను విడగొట్టింది. వచ్చిన వాయువులో కొవ్వొత్తి మహా తేజస్సుతో మండింది. అదే ఆక్సిజన్. 1775లో లవోషియే పాదరసపు ఆక్సైడ్‌ను బొగ్గుతోను, బొగ్గు లేకుండాను వేడి చేసి పోల్చాడు. బొగ్గు ఉంటే కార్బన్ డయాక్సైడ్, లేకపోతే ఆక్సిజన్. మన ప్రసంగానికి కావలసిన రెండు దారులూ అప్పుడే కనిపించాయి: ఎండతోపాటు బొగ్గు, లేదా ఎండ ఒక్కటే.

అయితే అన్ని లోహాలూ పాదరసంలా మెత్తబడవు. పాదరసపు ఆక్సైడ్ 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడిపోతుంది. జింక్ ఆక్సైడ్‌ను ఎండ ఒక్కదానితో విడగొట్టాలంటే సుమారు 2000 డిగ్రీలు కావాలి. అదే జింక్ ఆక్సైడ్‌కు కార్బన్ జోడిస్తే దాదాపు 950 డిగ్రీల నుంచే చర్య అనుకూలమవుతుంది. ఇంత తేడా ఎందుకు? 1944లో లండన్‌లో హెరాల్డ్ ఎల్లింగ్‌హామ్ గీసిన రేఖాపటాలు దీన్ని తేటగా చూపించాయి. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ లోహాలకు ఆక్సిజన్ మీద పట్టు సడలుతుంది. కార్బన్ సంగతి ఇందుకు విరుద్ధం. ఒక ఘనపరిమాణం ఆక్సిజన్‌ను తీసుకొని అది రెండు ఘనపరిమాణాల కార్బన్ మోనాక్సైడ్‌ను తయారుచేస్తుంది. ఇలా వాయువు పెరిగే చర్యలకు వేడి అనుకూలం. అందుచేత వేడి పెరిగేకొద్దీ కార్బన్ పట్టు బిగుస్తుంది. ఒక గీత పైకి, ఒక గీత కిందికి పోతూ ఖండించుకున్న చోట కార్బన్ గెలుస్తుంది. ఇంటర్మీడియట్ పుస్తకంలో ఈ పటాన్ని బట్టీ పట్టిన విద్యార్థులు, అది కోనసముద్రం కమ్మరి చేతికి తెలిసిన విషయమేనని గుర్తిస్తే నాకు సంతోషం.

ఇప్పుడు జింక్ దగ్గరకు వద్దాం. మన పాత గ్రంథాల్లో దీని పేరు యశదం. ఇది కమ్మరిని చాలా ఏడిపించిన లోహం. 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. కార్బన్ దాన్ని విడిపించేదేమో 950 డిగ్రీల దగ్గర. అంటే పుట్టేటప్పుడే ఆవిరిగా పుడుతుంది. మామూలు కొలిమిలో చేస్తే ఆ ఆవిరి పొగగొట్టంలోకి పోయి, గాలి తగిలి, మళ్ళీ తెల్లని ఆక్సైడ్ అవుతుంది. ఈ చిక్కును పెద్ద ఎత్తున విప్పినవాళ్ళు రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర జావర్ గనుల పనివాళ్ళు. వంకాయ ఆకారంలో మట్టి బుడ్లు చేసి, ఖనిజం, కర్బన పదార్థం కలిపిన ముద్ద వాటిలో నింపి, తలకిందులుగా నిలబెట్టి, ముప్పై ఆరు బుడ్లను ఒక కొలిమిలో కాల్చేవారు. మంట బుడ్డి బయట. బొగ్గు, ఖనిజం బుడ్డి లోపల. ఆవిరి కిందికి దిగి, చల్లని గదిలో ఉన్న గొట్టంలో ద్రవంగా మారేది. రసరత్న సముచ్చయంలో 'వృంతాక మూష' అనే పేరు కనిపిస్తుంది; వృంతాకం అంటే వంకాయే. ఐరోపాలో ఇలా కిందికి దించే పద్ధతికి బ్రిస్టల్ నగరపు విలియం ఛాంపియన్ 1738లో పేటెంటు పొందాడు. జావర్‌లో అప్పటికే శతాబ్దాలుగా ఆ పని జరుగుతున్నది.

జావర్ కొలిమిని మరొకసారి మనసులో బొమ్మ కట్టండి. వేడి ఇచ్చే మంట ఒక గదిలో, ఆక్సిజన్‌ను లాగే కార్బన్ మరొక గదిలో. మధ్యలో మట్టి గోడ. రెండు పనులకు రెండు గదులు అక్కడే ఏర్పడ్డాయి! ఇక ఆ బయటి మంట తీసేసి ఎండను పెట్టడమే మిగిలింది.

ఆ పని మన కాలంలో జరిగింది. 2001 నుంచి 2005 వరకు ఐరోపా సమాజం సహాయంతో 'సోల్‌జింక్' అనే పథకం నడిచింది. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థ, జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థ, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ మొదలైనవి అందులో పాల్గొన్నాయి. వైజ్‌మన్ సంస్థ ఆవరణలో ఒక సౌర గోపురం ఉంది. నేల మీద 64 పెద్ద దర్పణాలు సూర్యుణ్ణి అనుసరించి తిరుగుతూ కాంతిని గోపురం మీదికి పంపుతాయి. అక్కడున్న మరో దర్పణం ఆ కాంతిని తిరిగి కిందికి మళ్ళిస్తుంది. కింద 300 కిలోవాట్ల కొలిమి. దానికి రెండు గదులు. పై గదికి క్వార్ట్‌జ్ కిటికీ. కాంతి అందులోంచి దిగి లోపలి పలకలను ఎర్రగా కాలుస్తుంది. ఆ పలకల వేడి కింది గదిలో పరచిన జింక్ ఆక్సైడ్, కట్టెబొగ్గు మిశ్రమానికి చేరుతుంది. ఒకటే గది పెడితే జింక్ ఆవిరి, మసి కిటికీకి పట్టి కాంతి ఆగిపోతుంది. జావర్ మట్టి గోడ చేసిన పనినే ఇక్కడ ఆ పలకలు చేస్తున్నాయి.

2005లో జరిపిన పరీక్షల్లో 1000 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటకు 45 కిలోలకు పైగా జింక్ పొడి వచ్చింది. శుద్ధత 95 శాతం. కొలిమిలోకి వచ్చిన సౌరశక్తిలో సుమారు 30 శాతం రసాయన శక్తిగా నిలిచింది. చర్యను మాటల్లో రాస్తే ఇంతే: జింక్ ఆక్సైడ్, కార్బన్ కలిసి జింక్ ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఇస్తాయి. కిలో జింక్‌కు సిద్ధాంతరీత్యా కావలసిన కార్బన్ 184 గ్రాములు. వేడికి ఒక్క గ్రాము బొగ్గూ అక్కరలేదు.

ఆ జింక్‌తో ఏం చేస్తారు? జింక్-గాలి బ్యాటరీలో పెట్టి నేరుగా విద్యుత్తు తీయవచ్చు. లేదా వేడి నీటి ఆవిరితో చర్య జరిపితే హైడ్రోజన్ వస్తుంది. ఒక టన్ను జింక్‌కు సుమారు 31 కిలోల హైడ్రోజన్. రెండు విధాలా చివరికి మిగిలేది జింక్ ఆక్సైడే. పక్కన పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ కూడా ఇంధనమే. నీటి ఆవిరితో అది మరికొంత హైడ్రోజన్ ఇస్తుంది. బొగ్గుకు బదులు మీథేన్ వాడే పద్ధతిని కూడా పాల్ షెరర్ సంస్థలో పరీక్షించారు. అప్పుడు జింక్‌తోపాటు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమం వస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం మీకు రావాలి. డాలీగంజ్ పలకల కరెంటుతోనే జింక్ ఆక్సైడ్‌ను విద్యుద్విశ్లేషణ చేయకూడదా? చేయవచ్చు. విశాఖపట్నంలో 1977లో మొదలై 2012లో మూతపడిన హిందుస్థాన్ జింక్ కర్మాగారంలో జింక్ తీసింది విద్యుద్విశ్లేషణతోనే. కిలోకు 3 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. ఎండను ముందు కరెంటుగా మార్చడంలోనే అయిదింట నాలుగు వంతులు పోతుంది. ఎండ వేడిని నేరుగా వాడితే ఆ నష్టం ఉండదు. కానీ పలకలు మార్కెట్లో దొరుకుతాయి, సౌర కొలిమి దొరకదు. సోల్‌జింక్ పైలట్ స్థాయి దాటి కర్మాగారం కాలేదు. ఆ తర్వాత, 2010ల దశకంలో, స్విస్ బృందం ఫ్రాన్స్‌లోని ఒదేయ్యో మహా సౌర కొలిమిలో బొగ్గు అసలు లేకుండా జింక్ ఆక్సైడ్‌ను విడగొట్టే 100 కిలోవాట్ల యంత్రాన్ని పరీక్షించింది. అంటే ప్రీస్ట్‌లీ దారి. అక్కడ వచ్చిన చిక్కు ఏమిటంటే, జింక్ ఆవిరి, ఆక్సిజన్ ఒకే చోట పుడతాయి. చల్లారేలోపల మళ్ళీ కలిసిపోతాయి. వాటిని విడిగా ఉంచడానికి ఆర్గాన్ వాయువును విస్తారంగా ఊది, ఒక్కసారిగా చల్లార్చాలి. బొగ్గు ఉన్నప్పుడు ఆక్సిజన్ విడిగా ఉండదు కనుక ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. బొగ్గును తీసేయడం చెప్పినంత తేలిక కాదు.

బొగ్గు ఎక్కడిదన్నది నా దృష్టిలో అసలు ప్రశ్న. కిలో జింక్ చక్రం ఒకసారి తిరిగితే చివరికి సుమారు 670 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. రాక్షసిబొగ్గు వాడితే అది కొత్త భారం. సోల్‌జింక్‌లో బీచ్ చెట్టు కట్టెబొగ్గు వాడారు. నరికినచోట చెట్టు తిరిగి పెరిగితేనే ఆ లెక్క సరిపోతుంది, లేకపోతే కోనసముద్రం అడవుల కథే మళ్ళీ. అండమాన్ కొబ్బరి తోటల చిప్పల బొగ్గు ఇందుకు పనికివచ్చే సరుకు అని నేననుకుంటాను.

మరి ఆ సౌర గోపురాన్ని డాలీగంజ్‌లోనే కట్టవచ్చా? నా సలహా అడిగితే వద్దంటాను. దర్పణాలు నేరుగా వచ్చే కిరణాలనే కేంద్రీకరించగలవు. మబ్బుల్లోంచి చెదిరి వచ్చే వెలుగు వాటికి పనికిరాదు. దీవుల్లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, రెండు రుతుపవనాలు. చెదిరిన వెలుగుతోనూ ఎంతో కొంత కరెంటు ఇచ్చే పలకలే అక్కడికి తగినవి. కొలిమి ఉండవలసింది రాజస్థాన్ వంటి ఎండ ప్రాంతంలో, బహుశా జావర్ కొండల దగ్గరే. అక్కడ జింక్ చేసి ఓడలో పంపితే?

ఈ లెక్క మీరే చేయండి, నేను అంకెలు ఇస్తాను. కిలో జింక్ ఆక్సీకరణం చెందితే సుమారు 5.35 మెగాజౌళ్ళ శక్తి. కిలో డీజిల్‌కు సుమారు 43. బరువులో జింక్ ఎనిమిదో వంతు మాత్రమే. కానీ జింక్ సాంద్రత లీటరుకు 7.1 కిలోలు. ఒక లీటరు చోటులో లోహపు దిమ్మగా పెట్టిన జింక్‌లో దాదాపు 38 మెగాజౌళ్ళు, ఒక లీటరు డీజిల్‌లో 36. ఓడలో చోటు సమస్య లేదు, బరువే సమస్య. పైగా డీజిల్ కాలిపోయి ఓడ ఖాళీగా తిరిగి వెళ్తుంది. జింక్ ఓడ అలా కాదు. 100 టన్నుల జింక్ దించిన ఓడ, ఆక్సిజన్ కలిసి 124 టన్నులైన తెల్లని ఆక్సైడ్‌ను ఎక్కించుకొని, వచ్చినప్పటికన్నా బరువుగా వెనక్కి పోవాలి. ఆ పొడి మళ్ళీ కొలిమి కింది గదిలోకి చేరుతుంది. దానితోపాటు ప్రతిసారీ పద్దెనిమిది టన్నులకు పైగా కొత్త కార్బన్.